ఎండాకాలం సెలవుల్లో వీల్ షూ: ఇంట్లోంచి అడుగు పెట్టేముందు చక్రం తీశారా?

మొన్న ఆదివారం సాయంత్రం ఐదింటికి మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో తరగతి పిల్లాడు పడ్డాడు. ఎడమ మోచేయి పైన ఎముక విరిగింది. రాత్రి పదకొండు దాటాక ఆపరేషన్ చేసి రెండు సన్నని స్టీలు తీగలు పెట్టారు. మర్నాడు చూడ్డానికి వెళ్తే వాళ్లమ్మ నాతో అన్న మొదటి మాట ఇది: "స్కేటింగ్ చేస్తూ పడలేదక్కా. పాలపాకెట్ తెమ్మని నేనే కిందికి పంపాను."

నేను హైదరాబాద్ కొత్తపేటలో ఫిజియోథెరపిస్టుని. పిల్లలకు కట్టు విప్పాక బిగుసుకుపోయిన మోచేతిని మళ్లీ వంగేలా చేయించడం నా పనిలో ఒక భాగం. ఈ ఎండాకాలం మొదలయ్యాక వీల్ షూ, అంటే మడమలో చక్రం ఉండే బూట్ల వల్ల చేయి విరిగినవాళ్లలో ఈ బాబుతో కలిపి ముగ్గురిని చూశాను. ఒక పాప మాల్‌లో ఎస్కలేటర్ దిగుతూ పడింది. ఇంకో బాబు పెళ్లిలో, ఫంక్షన్ హాల్లో, చేతిలో భోజనం ప్లేటుతో నడుస్తూ పడ్డాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆడుతూ పడలేదు. ప్లేటుతో పడ్డ బాబు నానమ్మ నా దగ్గర కూర్చుని ఏడ్చింది: "చక్రాలున్నయని నాకేం ఎరుక బిడ్డా, బూట్లే అనుకున్న."

అదే తప్పు. అందరూ చేస్తున్న తప్పు అదొక్కటే. చక్రం లోపల ఉండగా దాన్ని బూటు అనుకోవడం.

ఇప్పుడు ఏ గేటెడ్ కమ్యూనిటీలో చూసినా, సాయంత్రం నెక్లెస్ రోడ్డుకు వెళ్లినా, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మడమ మీద సర్రున జారిపోయే పిల్లలు కనిపిస్తున్నారు. రీల్స్‌లో చూసి అడుగుతున్నారు, బర్త్‌డేకి మేనమామో బాబాయో కొనిస్తున్నారు. ఇది కొత్తగా పుట్టిన వస్తువు కాదు. అమెరికాలో రోజర్ ఆడమ్స్ అనే ఆయన మడమలో చక్రం పెట్టిన షూ తయారుచేసి, 2000లో టెక్సస్‌లో హీలీస్ కంపెనీ మొదలుపెట్టాడు. మరో ఆరేళ్లకు అక్కడా యూరప్‌లోనూ పిల్లలందరికీ అదే కావాలి. దాని వెనకే దెబ్బలూ వచ్చాయి. 2007లో అమెరికా ఎముకల డాక్టర్ల అకాడమీ ఈ షూ వేసుకునే పిల్లలకు హెల్మెట్, రిస్ట్ గార్డులు, మోచేతి, మోకాలి ప్యాడ్లు ఉండాలని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

మామూలు స్కేట్లతో ఈ తిప్పలు ఎందుకు లేవో ఆలోచించండి. వాటికి పాదం కింద ముందూ వెనకా చక్రాలుంటాయి. కాలికి స్కేట్లు ఉన్న సంగతి మర్చిపోయే వీలే లేదు. వాటితో ఎవరూ పాలపాకెట్‌కి వెళ్లరు. వీల్ షూ పైనుంచి చూస్తే అచ్చం స్పోర్ట్స్ షూ. మడమలో చిన్న గుంట, అందులో చక్రం. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, వేళ్లు పైకెత్తి బరువంతా మడమ మీద వేస్తే జారుతుంది. వేళ్లు దించితే నడవచ్చు.

ఇప్పుడు మీరే లేచి నాలుగడుగులు వేసి చూడండి. ముందు నేలను తాకేది మడమే కదా? మనిషి నడకే అంత. చక్రం ఉన్న షూతో నడవాలంటే ఆ అలవాటును పక్కనపెట్టి మునివేళ్ల మీద నడవాలి. ధ్యాస ఉన్నంతసేపు పిల్లలు అలాగే నడుస్తారు. అమ్మ పిలిచిందనుకోండి, లిఫ్ట్ తలుపు మూసుకుంటోందనుకోండి, చేతిలో బరువుందనుకోండి, ధ్యాస మళ్లుతుంది. పాత నడక వచ్చేస్తుంది. మడమ ముందు పడుతుంది. కింద గ్రానైటో నున్నటి టైల్సో ఉంటే కాలు ముందుకు పోతుంది, మనిషి వెనక్కి పడతాడు. వెనక్కి పడేవాడు చేతులు వెనక ఆనిస్తాడు. ఒంటి బరువంతా ఆ చేతి మీద పడి మణికట్టో మోచేయో విరుగుతుంది.

అందుకే మళ్లీ చెప్తున్నాను. ఆట అయిపోయిన నిమిషంలో చక్రం తీసేయాలి. ఇంకో చోటికి బయల్దేరేముందు చక్రం తీసేయాలి.

కొనేముందు

రెండు రకాలు అమ్ముతున్నారు. ఒకటి, చిన్న పనిముట్టుతో చక్రాన్ని బయటికి పీకి, ఆ గుంటలో ప్లాస్టిక్ మూత బిగించేది. రెండోది, బటన్ నొక్కితే చక్రాలు బయటికి వచ్చి, తర్వాత లోపలికి మడుచుకునేది. లైట్లు వెలిగే చవక రకాల్లో ఎక్కువ ఇవే. నేనైతే మొదటిదే కొనమంటాను. చక్రం చేతికి వచ్చేస్తే ఇక అనుమానం ఉండదు. బటన్ రకంలో మన రోడ్ల దుమ్మూ సన్నని ఇసుకా చేరి లాక్ సరిగా పడదు. నడుస్తుంటే చక్రం ఊడి కిందికి దిగుతుంది, లేదా జారుతుంటే లోపలికి మడుచుకుపోతుంది. ఇప్పటికే కొన్నవాళ్లు వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో ఆ గుంట శుభ్రం చేయండి. చక్రాలు బయటికి తీసి, బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కదిలితే ఆ జత పారేయండి.

ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది కొనొద్దు. మడమ లోపల ఆడితే చక్రం మీద అదుపు ఉండదు.

ఏడేళ్ల లోపు పిల్లలకు అసలు కొనొద్దు. మోచేయి పైన ఎముక విరగడం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లోనే ఎక్కువ చూస్తాం.

రిస్ట్ గార్డులూ హెల్మెటూ షూతో పాటే కొనండి. అన్నిటికీ డబ్బు సరిపోకపోతే షూని వచ్చే నెలకి వాయిదా వేయండి. రిస్ట్ గార్డు అంటే మణికట్టుకు చుట్టే బట్ట పట్టీ కాదు, అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉండాలి. హెల్మెట్ తల వెనక భాగం కిందిదాకా కప్పాలి, ఎందుకంటే పడేది వెనక్కి.

మొదటి పది రోజులు

2006 ఎండాకాలంలో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో, టెంపుల్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి పది వారాల్లో ఇలాంటి షూలతో దెబ్బలు తగిలిన 67 మంది పిల్లలు వచ్చారు. అక్కడి డాక్టర్లు రాసి పెట్టిన లెక్క ప్రకారం, వాళ్లలో ఐదోవంతు మంది మొదటిసారి వేసుకున్న రోజే పడ్డారు. దెబ్బలు ఎక్కువగా చేతులకే. షూ ఇచ్చిన సాయంత్రం కేక్ కట్ చేసి, పదిమంది పిల్లల మధ్య వదిలేస్తాం. ఆ సాయంత్రమే అన్నిటికన్నా ప్రమాదం.

మొదటి రోజు గోడ పక్కన, ఒక్కడే, ఒక పెద్దమనిషి ఎదురుగా ఉండి నేర్పాలి. చేయి పట్టుకుని లాగొద్దు. లాగితే వాడి బరువు మీ చేతి మీదికి వస్తుంది, వదలగానే పడతాడు. మీ భుజం పట్టుకోనివ్వండి. జారడం పావుగంటలో వచ్చేస్తుంది, ఆగడం రాదు. వేళ్లు ఇంకాస్త పైకెత్తితే షూ వెనక అంచు నేలకు రాసుకుని ఆగుతుంది. అది పదిసార్లు చేయించండి. ఆగడం వచ్చేదాకా ఏ వాలు మీదికీ పంపొద్దు.

ఎక్కడ

ఇందిరా పార్కులో స్కేటింగ్ రింక్ ఉంది. మీ కమ్యూనిటీలో వాలు లేని, బండ్లు రాని సిమెంటు చోటు ఉంటే అదీ చాలు. సెల్లార్ వద్దు. ఎండకు భయపడి, నీడగా ఉంటుందని అందరూ పిల్లల్ని సెల్లార్‌కే పంపుతున్నారు. ఎండలోంచి ర్యాంప్ దిగి వచ్చే డ్రైవర్‌కి ఆ చీకట్లో కొన్ని క్షణాలపాటు ఏమీ కనిపించదు. మీ పిల్లాడు సరిగ్గా ఆ ర్యాంప్ అడుగునే మలుపు తిరుగుతుంటాడు. కార్ల మధ్యనుంచి వచ్చే పిల్లాడి తల బానెట్ కన్నా కిందే ఉంటుంది.

ఇక మిగిలినవి వరసగా చెప్పుకుంటూ పోతాను.

ఎస్కలేటర్ మీద చక్రం వద్దు. మెట్టు మీద ఊరికే నిలబడ్డా మడమ దొర్లుతుంది.

మెట్ల మీద వద్దు. ఒక్క అంతస్తే అయినా వద్దు.

మెట్రో స్టేషన్‌లో వద్దు. ప్లాట్‌ఫాం మీద అసలే వద్దు. స్టేషన్ బయటే చక్రం తీసి జేబులో పెట్టండి.

చేతిలో ప్లేటు, పాలగిన్నె, చంటిపాప ఉంటే కాలికి చక్రం ఉండకూడదు.

షాపుకి పంపేముందు కాళ్లు చూడండి. ట్యూషన్‌కి పంపేముందు చూడండి. పెళ్లికి బయల్దేరేముందు కారు దగ్గర నిలబెట్టి మడమలు ఎత్తమని చూడండి. చక్రం కనిపిస్తే తీసేయండి.

బయటికి వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక జత చెప్పులు పెట్టుకోండి.

నానమ్మకి, తాతయ్యకి, పనిమనిషికి, వాచ్‌మన్‌కి ఆ షూ చేతికిచ్చి చక్రం ఎక్కడుంటుందో చూపించండి. పగలంతా పిల్లల్ని చూసేది వాళ్లే.

చక్రం పీకే పనిముట్టు తాళాలు వేలాడదీసే మేకుకి కట్టి ఉంచండి. ఇది చిన్న విషయం అనుకోకండి. పిల్లలు చక్రం తీయకపోవడానికి సగం కారణం, ఆ పనిముట్టు రెండో రోజే కనిపించకుండా పోవడం. మూతలు కూడా అక్కడే ఒక డబ్బాలో.

వాటర్ ట్యాంకర్ వచ్చి పోయిన దారి ఆరేదాకా వద్దు.

ఇల్లు కడుతున్న చోట వద్దు. చక్రం కింద చిన్న గులకరాయి పడితే చక్రం ఆగిపోతుంది, పిల్లాడు ఆగడు.

బండి వెనక పట్టుకుని జారనివ్వొద్దు. నాన్న బండి అయినా.

జారుతూ ఫోన్ పట్టుకోవద్దు. మీరు రీల్ తీయడం కోసం "ఇంకొంచెం స్పీడ్‌గా రా నాన్నా" అనొద్దు. నేను విన్నాను ఆ మాట.

కుక్కలుండే సందులోకి వద్దు. జారేదాని వెంట అవి పడతాయి, భయంతో పరుగెత్తే కాలికి చక్రం ఉంటుంది.

జూన్‌లో బడి తెరిచాక బడికి వేసుకెళ్లనివ్వొద్దు. వానకి తడిసిన కారిడార్లు, వందమంది పిల్లలు.

పడితే చేయి లాగి సరిచేయొద్దు. ఎలా ఉందో అలాగే, కింద ఒక నోట్‌బుక్కో అట్టముక్కో పెట్టి చున్నీతో మెడకు వేలాడదీయండి.

గాజులు, ఉంగరం, చేతి దారం అప్పటికప్పుడు తీసేయండి. వాచాక రావు.

ఏడుస్తున్నాడని పాలు, బిస్కెట్లు పెట్టొద్దు. మా అపార్ట్‌మెంట్ బాబుకి పెట్టారు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి, అందుకే అంత నొప్పితో రాత్రి పదకొండు దాకా ఆగాల్సి వచ్చింది.

పసరు కట్టు వద్దు. ఎక్స్‌రే తీయకుండా ఎవరి చేతా లాగించొద్దు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా, మణికట్టు మీద నొక్కితే ఇంకా నొప్పి అంటే వారం పది రోజుల్లో మళ్లీ చూపించండి. పిల్లల్లో ఎముక పెరిగే చోట తగిలిన దెబ్బ మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.

తలకి తగిలి వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి చూద్దాం అనుకోవద్దు.

కట్టు వేశాక గంటగంటకీ వేళ్లు చూడండి. తెల్లబడినా, నీలంగా అయినా, చల్లగా తగిలినా, తిమ్మిరి అన్నా, వేళ్లు చాపితే ఒకటే నొప్పి అని అరిచినా రాత్రి రెండింటికైనా సరే ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారనివ్వండి అనే మాట వద్దు.

కట్టు విప్పాక మోచేతికి నూనె మర్దన చేయొద్దు. చేయి సాగాలని నీళ్ల బకెట్ మోయించొద్దు. బలవంతంగా లాగితే కండలో ఎముక పేరుకుని, వంగాల్సిన చేయి ఇంకా బిగుసుకుంటుంది. వాడంతట వాడే వంచాలి, రోజూ కొంచెం.

చేయి బాగయ్యాక మళ్లీ ఆడుకోనివ్వండి. రిస్ట్ గార్డులు వేసి, ఆడుకునే చోటికి చక్రాలు చేత్తో పట్టుకెళ్లి, అక్కడే బిగించి, అక్కడే తీసేసి.

నిన్న సాయంత్రం ఆ బాబుని చూద్దామని మళ్లీ వెళ్లాను. షూ గుమ్మం ముందే ఉంది, చక్రాలు అలాగే ఉన్నాయి. వాడి చెల్లెలు, ఐదేళ్లది, ఒకదాంట్లో కాలు పెట్టి చూస్తోంది. పనిముట్టు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. గంటసేపు వెతికితే సోఫా కింద దొరికింది. అక్కడే గుమ్మంలో కూర్చుని రెండు చక్రాలూ పీకి వాళ్లమ్మ చేతిలో పెట్టాను.