క్రిస్మస్ ఆరాధనలకు ట్రంపెట్: పెదవులు చివరిదాకా నిలవాలంటే

డిసెంబరు 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున ఇంకొకటి, మళ్లీ 31న వాచ్‌నైట్, అంటే కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే రాత్రి ఆరాధన. గుంటూరులో మా చర్చిలో ట్రంపెట్ వాయించే నాకు ఏడాదిలో ఇదే బరువైన వారం. ఊపిరి కంటే ముందు అలిసిపోయేది పెదవుల చుట్టూ ఉండే కండరాలు. చివరి వారంలో గంటలకొద్దీ సాధన చేస్తే అవి బలపడవు, దెబ్బతింటాయి. అందుకే నవంబరు మొదట్లోనే మొదలుపెట్టండి.

రోజూ 15 నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు చాలు. మధ్య స్థాయిలో ఒక్కో స్వరాన్ని మెత్తగా, నిలకడగా ఊదండి. ఎంతసేపు వాయించారో అంతసేపు ఆగండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు, కానీ కండరం కోలుకునేది ఆ విరామంలోనే.

పై స్వరం అందకపోతే మౌత్‌పీస్‌ను, అంటే పెదవులు ఆనించి ఊదే భాగాన్ని, పెదవికేసి నొక్కేస్తాం. అలా నొక్కితే రక్తం సరిగా ఆడక పెదవి మొద్దుబారుతుంది, రెండో పాటకే స్వరం పగులుతుంది. కుడిచేతి చిటికెన వేలును ట్రంపెట్ మీద దానికోసం ఉండే కొక్కెంలోంచి తీసి వాయించి చూడండి, ఎంత నొక్కుతున్నారో మీకే తెలుస్తుంది.

ఆరాధనలో అన్ని చరణాలూ మీరే వాయించక్కర్లేదు. పల్లవికి వాయించి, చరణాన్ని కీబోర్డుకో సంఘం గొంతులకో వదిలేయండి. ఆఖరి పాటకు ట్రంపెట్ నిండుగా మోగాలి కదా!

23న పది నిమిషాలకు మించి వద్దు. 24 రాత్రి వాయిద్యాన్ని పెట్టెలో పెట్టేముందు రెండు నిమిషాలు కింది స్వరాలు మెల్లగా ఊదండి, పొద్దునకి పెదవి బిగుసుకోదు.