నీటి ఒడ్డు పిట్టల ఫొటోలు, 4వ పాఠం: మాటు కట్టినా పిట్ట ఎందుకు ఎగిరిపోతోంది?

మూడో పాఠం చదివి మాటు (లోపల దాక్కుని ఫొటోలు తీసే గుడ్డ గుడారం) కట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది రాసింది ఒకటే సంగతి: "గుడ్డలో దూరి గంటల తరబడి కూర్చున్నాను, ఒక్క ఉల్లంకి పిట్ట కూడా దగ్గరికి రాలేదు." ఈసారి కెమెరా సెట్టింగులు చెబుదామనుకున్నాను. వాటికి చివర్లో నాలుగు ముక్కలు చాలు. ముందు ఈ సంగతి తేలాలి.

మీ ప్రశ్నల్లో సగం గుడ్డ రంగు గురించే ఉన్నాయి. ఆకుల అచ్చున్నది కొనాలా, ఆకుపచ్చ మీద మట్టిరంగు పట్టీలు వేయాలా అని. తెల్లటిదీ, తళతళలాడేదీ కాకపోతే ఏదైనా పనికొస్తుంది. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే అన్నదమ్ములు ఎద్దు చర్మంతో బోలు ఎద్దును చేయించి, దాని కడుపులో దూరి పక్షుల ఫొటోలు తీశారు. పచ్చికలో నిలబడ్డ ఎద్దు పిట్టకు కనబడక ఎక్కడికి పోతుంది? కనబడినా అది పిట్టకు భయపడాల్సిన వస్తువు కాదు, అంతే. మీ మాటు కూడా కనబడనివ్వండి. లోపల మనిషి ఉన్నట్టు తెలియకపోతే చాలు.

అది తెలిసిపోయే మొదటి సందర్భం మీరు లోపలికి వెళ్ళేటప్పుడే. పిట్టలు మేస్తున్న చోటికి నడిచివెళ్ళి, వాటిని లేపి, అక్కడే మాటు పాతి, తిరిగి వస్తాయని ఎదురుచూసినవాళ్ళున్నారు. అవి ఆ పూటకి రావు. మాటును రెండు మూడు రోజుల ముందే నిలబెట్టి వదిలేయండి. కూర్చునే రోజున చీకటి విడవకముందే లోపల ఉండండి. సముద్రం ఒడ్డున, పాయల దగ్గర అయితే గడియారం కన్నా పోటును నమ్ముకోండి. పోటు ఎక్కేకొద్దీ మేత నేల మునిగి, పిట్టలు వాటంతట అవే ఒడ్డువైపు జరుగుతాయి. పోటు గీతకి కాస్త పైన మాటు ఉంటే నీరే వాటిని మీ ముందుకు తోస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళకే ఇవాళా వెళ్తే కుదరదు. మీరు తిరిగివచ్చే దారి నీళ్ళలో మునగదని ముందే చూసుకోండి.

పగలు వెళ్ళక తప్పకపోతే ఇద్దరు కలిసి వెళ్ళండి. ఒకరు లోపల ఉండిపోవాలి, రెండోవారు దాపరికం లేకుండా నడుచుకుంటూ వెళ్ళిపోవాలి. వచ్చిన మనిషి పోయాడనుకుని పిట్టలు చాలాసార్లు కుదుటపడతాయి. బయటికి వచ్చేటప్పుడు కూడా ఆ మనిషే వచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళాలి. మాటులోంచి మనిషి ఊడిపడడం ఒక్కసారి చూశాయంటే మరునాటికి ఆ గుడ్డ వాటికి వట్టి గుడ్డ కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద తప్పు. దీని మీద నేను ఎంత రాసినా ఎవరూ పట్టించుకోవడం లేదు, అందుకే విడమరిచి చెబుతున్నాను. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకొమ్మని రెండో పాఠంలో చెప్పాను. ఈకల మీద వెలుగు పడాలంటే అదే సరైన దిక్కు. కానీ పొద్దున్నే వాలుగా వచ్చే ఆ ఎండ పల్చటి వెనక గుడ్డలోంచి దూరి, మీ ఆకారాన్ని నీడగా తెచ్చి ముందు గుడ్డ మీద పడేస్తుంది. ముందు గుడ్డ బయటివైపు ఎండ తగలదు కాబట్టి ఆ నీడ పిట్టకి ఇంకా బాగా కనిపిస్తుంది. మీరు చెయ్యెత్తితే తెర మీది తోలుబొమ్మలా మీ చెయ్యే ఆడుతుంది. గాలి కోసం వెనక తలుపు తెరిచిపెట్టేవాళ్ళది మరీ ఘోరం. లెన్సు కిటికీలోంచి చూసే పిట్టకి వెలుగు మధ్యలో నల్లటి తలకాయ కదులుతూ కనిపిస్తుంది. ఫొటోలు పంపినవాళ్ళ మాటుల్లో చాలావాటికి వెనక గుడ్డ పల్చన, లేదా అసలు లేదు.

వెనకవైపుకీ పైకప్పుకీ దట్టమైన ముదురు గుడ్డ రెండు పొరలు వేయండి. గాలికి పక్కగోడలో నేలకి ఆనేంత కింద జానెడు సందు వదలండి. ముదురు రంగు బట్టలు, చేతులకీ మొహానికీ ముసుగు. ఇక పరీక్ష: తెలిసినవారిని లోపల కూర్చోబెట్టి, మీరు పిట్టలు మేసే చోట బురదలో బోర్లా పడుకోండి. నిలబడి చూస్తే కుదరదు, మీ కన్ను ఉల్లంకి కన్ను ఉండే ఎత్తుకి దిగాలి. లోపలి మనిషిని తల తిప్పమనండి, నీళ్ళు తాగమనండి, లెన్సు జూమ్ చేయమనండి. మీకు ఏ కదలిక తెలిసినా పిట్టకి అంతకన్నా ముందే తెలుస్తుంది. ఈ పరీక్ష తెల్లవారాక మొదటి గంటలోనే చేయాలి. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటుంది, తప్పు బయటపడదు.

గుడ్డ రెపరెపలాడకుండా అంచుల్లో ఇసుక సంచులు కుట్టండి. లెన్సుకి పిట్టలు అలవాటు పడేలా కిటికీలో లెన్సంత లావు నల్ల సీసా మొదటి రోజు నుంచే పెట్టి ఉంచండి. లెన్సును పిట్ట ముక్కు బురదలో ఉన్నప్పుడే తిప్పండి.

మొదట ఉల్లంకుల మీదే చేయి తిప్పుకోండి. అవి ముక్కు కొనతో తడిమి మేత వెతుకుతాయి, తల ఎక్కువసేపు కిందికే ఉంటుంది. తీతువు కంటితో వెతుకుతుంది, నాలుగడుగులు పరుగెత్తి ఆగి చూస్తుంది. అది ఒక్కసారి అరిచిందంటే ఒడ్డంతా ఖాళీ. నారాయణ పక్షిని కొన్నాళ్ళు వదిలేయండి. మేత ఆగడం, మెడ సాగడం, ఒళ్ళు ముడుచుకోవడం కనిపించగానే చేతులు ఉన్నచోటే ఆపండి.

మాటును గూళ్ళ దగ్గర పెట్టకండి. తీతువులు ఉత్త నేల మీదే గుడ్లు పెడతాయి. మీ వల్ల తల్లి లేచి ఉంటే ఎండకి ఆ గుడ్లు ఉడికిపోతాయి. పిట్ట మీ తల చుట్టూ తిరిగి అరుస్తోందంటే గూడు పక్కనే ఉంది, ఆ చోటు ఆ రుతువంతా వదిలేయాల్సిందే. ఫొటో ఎంత గొప్పదైనా సరే.

సెట్టింగులు: నడిచే పిట్టకి షట్టరు వేగం సెకనులో 1/1000, ఎగిరేదానికి 1/2000. ఫుల్ ఫ్రేమ్ (36×24 ఎం.ఎం. సెన్సారు ఉన్న) కెమెరాకి 600 ఎం.ఎం. లెన్సుతో 8 మీటర్ల దూరంలో మీ ఫ్రేములో పట్టేది అర మీటరు లోపే, 20 సెంటీమీటర్ల పిట్టకి అది సరిపోతుంది. లెన్సు నేలకి 30 సెంటీమీటర్లు మించి ఎత్తులో ఉండకూడదు. పొద్దెక్కాక బురద మీద గాలి అలలాడుతుంది, అప్పుడు దూరపు పిట్టల జోలికి పోవద్దు.

అభ్యాసం: కెమెరా లేకుండా మూడు ఉదయాలు మాటులో కూర్చోండి. పుస్తకం, పెన్సిలు చాలు. ఎంత దూరంలో మేత ఆపింది, దేనికి తలెత్తింది, ఎంతసేపటికి మళ్ళీ వంచింది, ఒక్కో పిట్టకీ విడిగా రాయండి. మూడో రోజుకి కూడా పది మీటర్ల లోపలికి ఏ పిట్టా రాకపోతే ఐదో పాఠం తెరవకుండా వెనక గుడ్డ మళ్ళీ చూసుకోండి.