పిసాంకా రాయడం: పచ్చి గుడ్డు, తేనెమైనం, దిష్టి

ఉక్రెయిన్‌లో ఈస్టర్ గుడ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఉడికించి ఒకే రంగులో ముంచి పండగనాడు తినేసేది క్రాషాంకా. పచ్చి గుడ్డు మీద మైనంతో గీతలు రాసి, ఒక రంగు మీద ఇంకో రంగు ఎక్కించి, ఏళ్ల తరబడి ఇంట్లో ఉంచుకునేది పిసాంకా. 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది ఈ రెండోదే. దీన్ని రాసేటప్పుడు చెయ్యకూడని పనులు బోలెడు. సగం నమ్మకాల వల్ల వచ్చాయి, సగం మైనం వల్ల వచ్చాయి. ఏది దేనివల్లో తేల్చడం కష్టం.

గుడ్డు పచ్చిదే ఎందుకంటే, ఉడికిస్తే అందులో ప్రాణం పోతుందనీ, ప్రాణం లేని గుడ్డు ఇంటిని కాపాడలేదనీ పాతవాళ్ల నమ్మకం. పనిపరంగా చూసినా ఉడికిన పెంకుకి రంగు మచ్చలుమచ్చలుగా పడుతుంది. మన కొట్లలో దొరికే తెల్లగుడ్డు సరిగ్గా సరిపోతుంది. నాటుకోడి గుడ్డు గోధుమ రంగు మీద పసుపు తేలదు. సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి తిప్పి చూడండి, వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డుని గంటా రెండు గంటలు బయట ఉంచాలి. చల్లటి పెంకుకి చెమ్మ పడుతుంది, చెమ్మ మీద మైనం నిలవదు. కప్పు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు వెనిగర్ కలిపి గుడ్డుని కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. చేతికి కొబ్బరినూనె జిడ్డుంటే వేలిముద్ర పడ్డచోట రంగెక్కదు.

కిస్త్కా అంటే పుల్ల చివర కట్టిన రాగి లేదా ఇత్తడి రేకు గరాటు. దాని సన్నటి మూతిలోంచి కరిగిన మైనం దిగుతుంది. అది దొరక్కపోతే పెన్సిలు వెనక రబ్బరులో గుండుసూది గుచ్చి, సూది తలని మైనంలో ముంచి చుక్క పెట్టి లాగండి. కన్నీటిబొట్టు ఆకారం వస్తుంది. కార్పాతియన్ కొండల్లో లెమ్కో జనం ఇలాగే రాస్తారు. మైనం మాత్రం తేనెమైనమే వాడండి, కొవ్వొత్తి మైనం పెంకుని సరిగ్గా పట్టుకోదు.

రంగుపొడి అయితే ఒక్కో రంగుని సుమారు 300 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో కలిపి, పూర్తిగా చల్లారాక పెద్ద చెంచాడు వెనిగర్ పొయ్యండి. వేడి రంగులో ముంచితే రాసినదంతా కరిగిపోతుంది. ఇంట్లో రంగు కావాలంటే గిన్నెడు ఉల్లిపొట్టు మునిగేదాకా నీళ్లు పోసి, అరగంట మరిగించి వడకట్టి, చిటికెడు పటిక వెయ్యండి.

బట్టమీద మైనం పెట్టి రంగద్దే బాతిక్ పని తెలిసినవాళ్లకి సూత్రం కొత్తది కాదు. మైనం కప్పినచోట అప్పటికున్న రంగు అలాగే ఉండిపోతుంది. తెల్లగా ఉండాల్సిన గీతలు ముందు రాసి, గుడ్డుని పసుపులో 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. తీసి అద్ది, పసుపుగా ఉండాల్సిన చోట్ల మైనం వెయ్యండి. తర్వాత నారింజ, ఎరుపు, చివరికి నలుపు. నలుపుకి 20 నిమిషాలైనా పడుతుంది. ఈ వరస తప్పితే ముదురు రంగు మీద లేతరంగు కనబడదు. ఆకుపచ్చ ఈ వరసలో ఇమడదు కాబట్టి దాన్ని పుల్లతో కావలసినచోటే అద్ది, వెంటనే మైనంతో మూసెయ్యాలి. గుడ్డుని మరీ ఎక్కువసేపు నానబెడితే వెనిగర్ పెంకునే తినేస్తుంది, మైనం పొరలుగా లేచిపోతుంది.

గీత దగ్గరే ఓపిక కావాలి. గరాటుని కొవ్వొత్తి మంటలో కొన్ని క్షణాలు కాచి, మైనం గీరి నింపి, మళ్లీ కాచి, ముందు కాగితం మీద ఒక గీత గీసి చూడండి. చెయ్యి బల్లకి ఆనించి గుడ్డునే తిప్పండి. గీత మధ్యలో మైనం అయిపోతే మళ్లీ నింపుకుని, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చి అందుకోండి. గుడ్డు చుట్టూ తిరిగే మెలికల గీత పేరు బెజ్‌కొనెచ్నిక్. దానికి మొదలూ చివరా ఉండకూడదు. చెడు అందులో చిక్కుకుంటే బయటికి దారి దొరకదంటారు. ఎక్కడైనా తెగిందా, ఆయుష్షు తెగినట్టే. చుక్క జారి బొట్టు పడితే గోకకండి, మచ్చ మిగులుతుంది. దాన్నే నక్షత్రంగా మార్చడం మేలు.

ఎవరికి ఏది రాయాలో కూడా లెక్కుంది. పిల్లలకి లేతరంగులు, రైతుకి గోధుమ కంకి, వానకి దంతెలు, పెద్దవాళ్లకి ముదురు రంగులు, పోయినవాళ్ల కోసం నలుపూ తెలుపూ. 40 ముక్కోణాలతో నింపే సోరోకోక్లిన్ అనే నమూనాని ఈస్టర్ ముందుండే 40 రోజుల ఉపవాసంతో ముడిపెడతారు, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

పూర్వం ఈ పని రాత్రిపూట, పిల్లలు నిద్రపోయాక, ఇంటి ఆడవాళ్లు మాత్రమే చేసేవాళ్లు. ఆ రోజు ఎవరితోనూ పోట్లాడి ఉండకూడదు. పరాయివాళ్ల కళ్లు పడితే దిష్టి, పైగా ఇంటి నమూనా బయటికి పోతుంది. రెండో భయమే అసలుదని నా అనుమానం. హుత్సుల్ కొండజాతివాళ్ల కథలో ఒక పాపిష్టి సర్పం రాతికి గొలుసులతో కట్టేసి ఉంటుంది. ఏ సంవత్సరమైనా రాసే పిసాంకాలు తగ్గితే గొలుసులు వదులవుతాయట.

మైనం తీసేటప్పుడు గుడ్డుని మంట పక్కన పట్టుకోండి, మంట పైన పట్టుకుంటే మసి పడుతుంది. కాస్త కాస్త మేర కరిగించి మెత్తటి కాగితంతో తుడవండి, ఒకేచోట ఎక్కువసేపు కాలిస్తే పెంకు పగులుతుంది. వార్నిష్ నూనెది వాడాలి, నీళ్లది రంగుని కరిగించేస్తుంది. పచ్చి సొన ఏళ్ల మీద తనంతట తానే ఎండిపోతుంది గానీ, మన ఎండల్లో లోపల గాలి పట్టి పేలిందా, ఆ కంపుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. వార్నిష్ ఆరాక అడుగున చిన్న చిల్లు పెట్టి సొన తీసెయ్యండి. ముందే తీస్తే ఖాళీ గుడ్డు రంగులో మునగదు.

పిసాంకాని దేవుడి పటాల దగ్గర, పశువుల గాడిలో, తేనెపట్టు పెట్టె కింద పెట్టేవాళ్లు. పగిలినా చెత్తలో వెయ్యరు, మంత్రగత్తెలకి దొరుకుతుందని భయం. పండగ గుడ్ల పెంకుల్ని ఏట్లో వదిలే ఆచారం ఉంది. దూరదేశంలో ఉండే రహ్మన్లనే పుణ్యాత్ములకి ఈస్టర్ వచ్చిందని అవి చేరవేస్తాయట. అలెగ్జాండర్ కథల్లోని భారతదేశపు బ్రాహ్మణులే ఈ రహ్మన్లకి మూలమని పండితుల మాట. కోళ్లు బాగా పెట్టాలని పెంకు పొడిచేసి మేతలో కలిపే అలవాటూ ఉంది. రంగుపొడో వార్నిషో తగిలిన పెంకుని మాత్రం కోళ్లకి వెయ్యకండి.