ఊహా ఇంధనాల లెక్కలు – 4వ పాఠం: ఒక గ్రాము యాంటీమేటర్

సైన్స్ ఫిక్షన్ కథలు రాసేవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో బొగ్గు దగ్గర మొదలుపెట్టి ఫ్యూజన్ దాకా వచ్చాం. మండిన బొగ్గు బరువులో శక్తిగా మారేది లెక్కలోకి రానంత తక్కువ. యురేనియం చీలితే 0.09 శాతం. హైడ్రోజన్ కలిసి హీలియం అయితే 0.7 శాతం. ఈ రోజు పై మెట్టు ఎక్కుదాం: నూటికి నూరు. అదే యాంటీమేటర్, మామూలు పదార్థానికి అద్దంలో బొమ్మలాంటి పదార్థం. రెండూ తాకితే రెండూ మాయమై శక్తిగా మారతాయి.

కాగితం తీయండి. బరువును కిలోల్లో రాసి, కాంతి వేగంతో, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లతో, రెండుసార్లు గుణించాలి. యాంటీమేటర్ ఒంటరిగా మాయం కాదు. గ్రాము యాంటీమేటర్ తనతో పాటు గ్రాము మామూలు పదార్థాన్నీ తీసుకుపోతుంది. కాబట్టి వేయాల్సింది 0.002 కిలో. జవాబు: 18 పక్కన 13 సున్నాలు, అన్ని జౌళ్లు (జౌల్ అంటే శక్తికి కొలత). ఒక యూనిట్ కరెంటుకు 36 లక్షల జౌళ్లు కనుక భాగిస్తే 5 కోట్ల యూనిట్లు. (మొదటిసారి నేను గ్రాములను కిలోలు చేయడం మరిచిపోయాను. నా కథలో నౌకకు వెయ్యి రెట్లు బలం వచ్చేసింది. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు, అదొక్కటే అదృష్టం.)

5 కోట్లంటే ఎంతో మన ఊరి కొలతలో చూద్దాం. విశాఖ పక్కన పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు. పూర్తిగా నడిస్తే గంటకు 20 లక్షల యూనిట్లు. అంటే మన గ్రాము సింహాద్రికి 25 గంటల పని. యూనిట్‌కు ముప్పావు కిలో బొగ్గు వేసుకుంటే 37,500 టన్నులు. గూడ్స్ రేకుకు, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలుకు, 4 వేల టన్నులనుకున్నా తొమ్మిది రేకులు దాటుతుంది.

ఇక్కడిదాకా అందరూ సంబరంగా రాస్తారు. ఆ గ్రాము ఎక్కడిది అని మాత్రం ఎవరూ అడగరు. బొగ్గు నేలలో ఉంది, తవ్వుకుంటాం. యాంటీమేటర్‌కు గని లేదు. యాక్సిలరేటర్‌లో (కణాలను మహా వేగంగా పరిగెత్తించే యంత్రం) తయారు చేసుకోవాలి, తిరిగి వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు శక్తి ముందే పోయాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఇన్వర్టర్ ఉందని మొదటి రాత్రి ధైర్యంగానే ఉన్నాం. లైన్లో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ ఉత్త పెట్టె అని మర్నాటికి తెలిసింది. యాంటీమేటర్ కూడా ఇన్వర్టర్ బ్యాటరీయే. దాన్ని ఛార్జ్ చేసిన కేంద్రం మీ కథలో ఎక్కడో ఉండాలి. సూర్యుడికి దగ్గరగా పెద్ద సోలార్ పలకలు పరిచారంటే నేను ఒప్పుకుంటాను.

తర్వాతది, శక్తి ఏ రూపంలో బయటికి వస్తుంది? ఎలక్ట్రాన్, దాని యాంటీమేటర్ జోడీ పాజిట్రాన్ కలిస్తే గామా కిరణాలు, అంటే చాలా శక్తిమంతమైన కాంతి. వాటిని ఇంజను వెనక్కి తిప్పడం మహా కష్టం, మందపాటి గోడలో ఆపి వేడిగా వాడుకోవాలి. ప్రోటాన్, దాని జోడీ యాంటీప్రోటాన్ కలిస్తే పయాన్లనే క్షణికమైన చిన్న కణాలు పుడతాయి. వాటిలో విద్యుదావేశం ఉన్నవాటిని అయస్కాంతంతో వెనక్కి తోయొచ్చు, నౌక ముందుకు పోతుంది. ఆవేశం లేనివి వెంటనే గామా కిరణాలైపోతాయి. తోసినవి కూడా కాసేపటికి విరిగి, కొంత శక్తిని న్యూట్రినోలనే కణాలకు ఇచ్చేస్తాయి. న్యూట్రినోలను పట్టుకోలేం. అందుకే వచ్చిన మొత్తాన్ని సగానికి కొట్టేసి రాయండి. మీ ఇంజనులో మాయ స్ఫటికం పెట్టుకోండి, తప్పులేదు. అది గామాను పట్టుకుంటుందా, పయాన్లనా? అది మాత్రం చెప్పాలి.

ఎక్జోటిక్ మేటర్ (రుణాత్మక శక్తి ఉండే ఊహా పదార్థం) సంగతి క్లుప్తంగా. 1994లో భౌతిక శాస్త్రవేత్త అల్కుబియెర్ రాసిన వార్ప్ లెక్కకు, అంటే నౌక చుట్టూ స్థలాన్నే వంచి కాంతి కన్నా వేగంగా పోయే ఊహకు, రుణాత్మక శక్తి (సున్నా కన్నా తక్కువ శక్తి) కావాలి. దాన్ని బంకులో పోయించుకునే పెట్రోలులా రాయకండి. అది రోడ్డు వేసే సామాను, బండిలో పోసే ఇంధనం కాదు.

ఇంటిపని: వెయ్యి టన్నుల నౌకను కాంతి వేగంలో పదో వంతుకు చేర్చాలి. సగం బరువు, వేగం రెండుసార్లు గుణిస్తే 45 పక్కన 19 సున్నాల జౌళ్లు. సింహాద్రి ఆగకుండా 7 వేల ఏళ్లకు పైగా నడవాలి. దీనికి ఎన్ని కిలోల యాంటీమేటర్ కావాలి? ముందు నష్టం లేకుండా, తర్వాత సగం నష్టంతో లెక్క కట్టండి. గమ్యం చేరాక నౌకను ఆపాలి కదా, ఆ ఇంధనాన్నీ నౌకే మోసుకెళ్లాలి. ఆ బరువు సంగతి 5వ పాఠంలో.