వైజాగ్ పెరట్లో వాక్కాయ పొద ఎలా పెంచాలి?

మొన్న మే నెలలో మా వీధిలో ఒకావిడ "ఎల్డర్‌బెర్రీ మొక్క ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగారు. సిరప్ సీసా మీద బొమ్మ చూసి ముచ్చటపడ్డారట. అది యూరప్, అమెరికా వైపు చల్లటి చోట్ల, తడి ఆరని నేలలో పెరిగే పొద. దాని ఆకుల్లో, కాడల్లో, పచ్చి కాయల్లో సైనైడ్ పుట్టించే పదార్థాలు ఉంటాయి. పండ్లయినా ఉడికించే వాడుకోవాలి. మన ఎండలో దాన్ని బతికించడానికి రోజూ టెన్షన్ పడే బదులు వాక్కాయ వేసుకోమన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. వాక్కాయంటే పప్పులో పులుపు కదా, దానికి గొప్పేముంది అనుకున్నట్టున్నారు. స్వీట్ పాన్ మీద, బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే 'చెర్రీ' చాలాసార్లు పంచదార పాకం పట్టించి రంగు వేసిన వాక్కాయేనని చెప్పాక కాస్త మెత్తబడ్డారు.

మొదట చోటు చూసుకోండి

ఈ మొక్క విషయంలో ఎక్కువగా ఆలోచించాల్సింది చోటు గురించే, ఎందుకంటే ముళ్ళు. ఒక్కో ముల్లు అంగుళం పైనే ఉంటుంది, గట్టిగా ఉంటుంది. గేటు పక్కన, బట్టలారేసే తీగ కింద, పిల్లలు బంతాడే వైపు వేయకండి. ప్రహరీ గోడ వారగా, గోడకి కనీసం మూడడుగులు వదిలి వేస్తే కంచె పనీ చేస్తుంది. రోజంతా ఎండ పడాలి. నీడలో ఆకులు బాగానే వస్తాయి, కాయే రాదు.

నేల గురించి మనకి బెంగ అక్కర్లేదు. సింహాచలం కొండ వైపు, మధురవాడ, పెందుర్తి దగ్గర ఎర్ర నేల నీళ్ళని నిలవనివ్వదు. వాక్కాయకి కావలసింది అదే. బీచ్ దగ్గరి ఇసుక నేలలోనూ పెరుగుతుంది, ఉప్పు గాలిని కూడా ఓ మాదిరిగా తట్టుకుంటుంది. వాన వెలిశాక రెండు రోజులు నీళ్ళు నిలిచే పల్లపు చోటైతే మాత్రం వద్దు. అలాంటి చోటే ఉంటే అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి.

మొక్క ఎలా తెచ్చుకోవాలి?

రెండు దారులున్నాయి. కడియం వైపు నుంచి వచ్చే నర్సరీ లారీల్లో అంటు మొక్కలు దొరుకుతాయి. అంటు మొక్క రెండో ఏటో మూడో ఏటో కాపుకొస్తుంది. విత్తన మొక్కైతే ఇంకా ఆగాలి. ఒకసారి ఒక నర్సరీలో అంటు మొక్క అని డబ్బు తీసుకుని విత్తన మొక్క చేతిలో పెట్టారు. నాలుగో వేసవి దాకా పువ్వు మొహం చూడలేదు. అందుకే కొనేముందు కాండం మొదలు ఎలా ఉందో చూడండి. గాలి అంటు (చెట్టు మీదున్న కొమ్మకే వేళ్ళు తెప్పించి కోసిన) మొక్క కాండం ముదురు కొమ్మలా గోధుమ రంగు బెరడుతో ఉంటుంది. విత్తన మొక్క సన్నగా, లేతగా, నిటారుగా ఉంటుంది.

విత్తనాలే వేస్తానంటే రైతు బజారులో పచ్చడికి అమ్మే పచ్చి, గులాబీ రంగు కాయలు పనికిరావు. నల్లగా పండి మెత్తబడిన కాయలు కావాలి. గింజ తీసి, జిగురు కడిగి, ఒక్క రోజు నీడన ఆరబెట్టి వెంటనే నాటేయండి. వాక్కాయ గింజ నిలవ ఉంచితే త్వరగా చచ్చిపోతుంది. 'వచ్చే ఏడు వేద్దాంలే' అని డబ్బాలో దాచుకుంటే ఒక్కటీ మొలవదు.

గొయ్యి, నాటడం

మే నెలలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గొయ్యి తీసి ఎండకి వదిలేయండి. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోయండి. జూన్ ఆఖర్లో ఒకటి రెండు మంచి వానలు పడ్డాక పైమట్టిలో బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) పది కిలోలు, వేప పిండి అరకిలో కలిపి గొయ్యి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి.

సాయంత్రం పూట నాటండి. కవరు చింపేటప్పుడు వేరు ముద్ద విడిపోకూడదు. కవరులో మట్టి ఎంత మట్టానికి ఉందో భూమిలోనూ అంతే ఉండాలి, కాండం పూడుకుపోకూడదు. కంచెగా కావాలంటే మొక్కకీ మొక్కకీ నాలుగడుగులు, విడిగా పొదలా పెరగాలంటే ఎనిమిది అడుగులు. ఒక వెదురు కర్ర పాతి వదులుగా కట్టండి. మనకి గట్టి వానలు, తుపాన్లు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో పెద్ద పెద్ద చెట్లే వేళ్ళతో లేచిపోయాయి. నాలుగు నెలల మొక్కకి కర్ర ఆసరా లేకపోతే ఎలా?

కొండ వాలులో ఇల్లున్నవాళ్ళు పాదుకి పల్లం వైపు అర్ధచంద్రంలా చిన్న గట్టు వేసుకోండి. వాన నీరు కాసేపు ఆగి ఇంకుతుంది, పై మట్టి కొట్టుకుపోదు.

మేడ మీద పెంచేవాళ్ళకి చిన్న కుండీ చాలదు. నీలం డ్రమ్ము సగానికి కోసి, అడుగున ఏడెనిమిది కన్నాలు పెట్టి, ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి నింపండి.

నీళ్ళు: ఇక్కడే చాలామంది చెడగొడతారు

నా మొదటి మొక్క నీళ్ళు ఎక్కువై పోయింది. పుదీనాకి వేసిన డ్రిప్పు పైపునే దీనికీ తగిలించాను. రెండు నెలల్లో ఆకులు పసుపు పచ్చగా మారాయి. ఎండకి వాడిందనుకుని ఇంకా పోశాను. పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి.

మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, రెండో వేసవిలో వారానికి ఒకసారి నిండుగా పోయండి. వేలు రెండు కణుపులు దించి చూడండి, లోపల తడి తగిలితే ఆ రోజు వద్దు. మూడో ఏడు నుంచి వేసవిలో పదిహేను రోజులకొకసారి చాలు. డిసెంబర్, జనవరిలో నేను పూర్తిగా మానేస్తాను. ఆకు కాస్త బడలినట్టు కనిపించినా చలించను. అలా ఎండగట్టాక ఫిబ్రవరి, మార్చిలో తెల్లటి చుక్కల్లాంటి పువ్వులు గుత్తులుగా వస్తాయి, సాయంత్రానికి మల్లెల్లా వాసనేస్తాయి. డ్రమ్ములో పెంచేవాళ్ళు మాత్రం ఇంతలా ఎండగట్టకండి.

ఎరువు ఏడాదికొకసారి, జూన్‌లో, ఒక తట్ట గెత్తం. యూరియా వేస్తే ఆకులే వస్తాయి.

కత్తిరింపు

పువ్వులు కొమ్మల చివర్లలో పూస్తాయి. ఈ సంగతి తెలియక కంచెని అందానికి పెంచే డ్యూరాంటా పొదలా నెలనెలా చదునుగా కత్తిరించి, 'మా వాక్కాయ గొడ్డుపోయింది' అనుకునేవాళ్ళున్నారు. కాపు అయిపోయాక ఏడాదికి ఒక్కసారి ఎండిన కొమ్మలు, ఒకదాని మీద ఒకటి పడ్డ కొమ్మలు తీసేయండి. మొదటి రెండేళ్ళు కాండం మొదలు నుంచి అడుగు ఎత్తు వరకూ వచ్చే పిలకలు గిల్లేస్తే చాలు. కోసిన చోట పాలు కారుతాయి, కంట్లో పడకుండా చూసుకోండి. పాలు కారే పచ్చగన్నేరు కూడా పెరట్లో ఉంటే దాని కాయ విషమని పిల్లలకి చూపించి మరీ చెప్పండి.

పిండినల్లి, పొలుసు పురుగు అప్పుడప్పుడు పడతాయి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. వారం తర్వాత ఇంకోసారి.

కోత

జూన్, జూలై వచ్చేసరికి కాయ గులాబీ రంగు తిరుగుతుంది. పప్పుకి, పచ్చడికి, పులిహోరకి అప్పుడే కోయాలి. జెల్లీకి కూడా దోరకాయే మేలు, పెక్టిన్ దండిగా ఉండటంతో విడిగా ఏదీ కలపక్కర్లేకుండా గడ్డకడుతుంది. ఊరికే తినాలంటే నల్లగా పండేదాకా ఆగండి. తోలు గ్లవుజులు వేసుకుని కోయండి. కాయ చీల్చి గింజ తీసేటప్పుడు చేతికి, కత్తికి నూనె రాసుకోకపోతే పాలు జిగురై సబ్బుకి కూడా వదలవు. మా పొద ఏటా మూడు నాలుగు కిలోలు ఇస్తోంది, ఇంటికి అదే ఎక్కువ.

పైకొమ్మల కాయలు నేను కోయను, ముళ్ళకి భయపడి. అవి పండాక పికిలి పిట్టలు తినేసి గోడ పొడుగునా రెట్టలు వేస్తాయి. సెప్టెంబర్ వానలకి అక్కడ బుల్లి మొలకలు లేస్తాయి. నాలుగాకులు రాగానే తవ్వి కవర్లలోకి ఎత్తుతాను. మొన్న రెండు కవర్లు ఆ ఎల్డర్‌బెర్రీ ఆవిడ పట్టుకెళ్ళారు.