మూడు భాషల ఊళ్లో బడికి పేరెలా వస్తుంది: ఒడిశా సరిహద్దు బడుల అడ్మిషన్ల పని

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి చోట్ల చాలా బడులు మార్చిలో ఫ్లెక్సీలు కట్టి, ఆటోకు మైకు పెట్టి తిప్పుతాయి. అప్పటికే ఆలస్యం. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్ మొదట్లోనే మొదలవుతాయి, అంటే తల్లిదండ్రులు సంక్రాంతి నాటికే బడి సంగతి మాట్లాడుకుంటుంటారు. అందుకే పని నవంబరులో మొదలుపెట్టండి. ముందుగా తియ్యాల్సింది డబ్బు కాదు, అడ్మిషన్ రిజిస్టరు.

గత మూడేళ్ల పేర్లు తీసి, ఏ వీధి నుంచి లేదా ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు చెబితే వచ్చారు, ఏ తరగతిలో టీసీ తీసుకున్నారు అని మూడు గళ్లలో రాయండి. మూడో గడి అన్నిటికన్నా ముఖ్యం. ఐదో తరగతి తర్వాత పది మంది వెళ్లిపోతున్న బడి ఎల్‌కేజీలో పది మందిని చేర్చుకున్నా నిలిచేది ఏమీ ఉండదు. పైగా ఆ వెళ్లిపోయిన పది ఇళ్లూ మీ గురించి ఊళ్లో ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి.

తర్వాత పదిహేను ఇళ్లతో మాట్లాడండి: చేరినవాళ్లు ఐదుగురు, మానేసినవాళ్లు ఐదుగురు, అడిగి వెళ్లి చేరనివాళ్లు ఐదుగురు. "మా బడి ఎలా ఉంది?" అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. "ఇంకే బడులు చూశారు? చివరికి ఎందుకు అటు మొగ్గారు? ఇంట్లో ఆఖరి మాట ఎవరిది?" అని అడగండి. ఈ మాటలు క్లాస్ టీచరు కాకుండా వేరేవాళ్లు అడిగితే నిజం బయటికి వస్తుంది.

ఈ ప్రాంతంలో తెలుగు ఇళ్ల బెంగ దాదాపు ఒకటే: ఇంగ్లీషు కావాలి, తెలుగు పోకూడదు, ఒడియా రాకపోతే రేపు ఉద్యోగం ఎలా? ఆ బెంగలో న్యాయం ఉంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటనల్లో ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలనీ, ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలనీ, లేదా దానికి సమానమైన అర్హత చూపాలనీ నిబంధన ఉంటుంది. కాబట్టి తెలుగు తల్లిదండ్రుల ముందు మీ ఒడియా టీచరే మీ బలం. చాలా బడులు ఆ టీచరును ఎక్కడో వెనక కూర్చోబెట్టి కంప్యూటర్ ల్యాబు ఫొటో ముందుకు తెస్తాయి. అది పొరపాటు.

ఇప్పుడు బడి మాట ఒకటి ఖాయం చేసుకోండి. "నాణ్యమైన విద్య, క్రమశిక్షణ" అన్నది అందరి గోడమీదా ఉంది, దాన్ని ఎవరూ పరీక్షించలేరు. "మూడో తరగతి పూర్తయ్యేసరికి మీ బిడ్డ ఒడియా, తెలుగు, ఇంగ్లీషులో తెలియని పేరా ఒకటి తడుముకోకుండా చదువుతుంది" అన్న మాటను పరీక్షించవచ్చు. జనవరిలో ఒక ఆదివారం తల్లిదండ్రుల ముందు పిల్లల చేత చదివించే చదువు పండుగ పెట్టండి. పేరా తల్లిదండ్రులే తెచ్చిన పత్రికలోంచి తియ్యాలి, పిల్లల పేర్లు చీటీ వేసి తియ్యాలి. ముందే బట్టీ వేయించి బాగా చదివే నలుగురినే నిలబెడితే జనం ఇట్టే పసిగడతారు. సగం మంది చదవలేకపోతే ఆ ఏడు ప్రచారం తగ్గించి చదువు చెప్పించండి. నిలబెట్టుకోలేని మాట కరపత్రంలో ఉంటే బడికి అంతకన్నా నష్టం లేదు. ఠాకురాణీ యాత్ర, అంటే రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, ఉన్న ఏడు బరంపురంలో చైత్రమాసంలో ఇలాంటివేవీ పెట్టకండి, ఇళ్లన్నీ చుట్టాలతో నిండి ఉంటాయి.

కరపత్రం భాష దగ్గర జాగ్రత్త. ఇంట్లో తెలుగు మాట్లాడే తండ్రి ఒడియా బడిలో చదువుకుని ఉంటే తెలుగు అక్షరాలు చదవలేకపోవచ్చు. అందుకని కరపత్రం ఒకవైపు ఒడియా, మరోవైపు తెలుగు వెయ్యండి. దానితోపాటు నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ మీ ఊరి తెలుగులో పంపండి, విజయవాడ పత్రిక భాషలో వద్దు. ప్రెస్సుకు ఇచ్చే ముందు ఒడియా టీచరు, తెలుగు టీచరు ఇద్దరూ ప్రూఫు చూసి సంతకం పెట్టాలి. బడి కరపత్రంలో అక్షరదోషం ఉంటే ఆ బడిని నమ్మేదెవరు?

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. "మెసేజ్ పెట్టాం, ఎవరూ పలకలేదు" అనడానికి చాలాసార్లు కారణం ఇదే. వచ్చినవాళ్ల చేత ఆఫీసులోనే నంబరు సేవ్ చేయించండి. ఆ నంబరు గుమాస్తా సొంతది కాకుండా బడిదై ఉండాలి, లేకపోతే ఆయన మానేసిన రోజున పరిచయాలన్నీ ఆయన వెంటే పోతాయి.

ఎంక్వైరీ రిజిస్టరులో తేదీ, పిల్ల వయసు, ఇంటి భాష, ఎవరు చెప్పారు, అడిగిన మొదటి ప్రశ్న, తిరిగి ఫోన్ చేసిన రోజు ఉండాలి. మర్నాటికల్లా ఫోన్ వెళ్లాలి. ఫీజు కాగితంలో వ్యాను, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఏడాది మొత్తం ఒకే అంకెగా రాయండి. తర్వాత బయటపడే మూడు వందల రూపాయలు మీరు సంపాదించుకున్న నమ్మకాన్నంతా తినేస్తాయి. సరిహద్దు అవతల జూన్‌లో బడులు తెరుస్తారు కనుక, ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చే పిల్లలు అప్పుడు మీ గుమ్మం ఎక్కుతారు. ఎనిమిది వారాలు, రోజూ నలభై నిమిషాలు ఒడియా అక్షరాలు నేర్పే ఏర్పాటు ఉందని వాళ్లకు కాగితం మీద చూపండి.

చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ డొనేషన్‌నూ, చేర్చుకునేముందు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టడాన్నీ నిషేధించింది. అలా పరీక్ష పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. "ప్రవేశ పరీక్ష" అని కరపత్రంలో వేసుకుంటే మీమీద సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. బోర్డు అనుబంధం (అఫిలియేషన్) లేకుండా "సీబీఎస్‌ఈ" అని రాయకండి. ఉంటే అనుబంధ సంఖ్య కూడా వెయ్యండి. పిల్లల ఫొటో ఫ్లెక్సీకి ఎక్కించే ముందు తల్లి లేదా తండ్రి సంతకం తీసుకోండి. అందులో ఎక్కడ వేస్తారో, ఎప్పటివరకు ఉంచుతారో రాసి ఉండాలి. తీసెయ్యమని అడిగితే ఆ రోజే దింపెయ్యండి.