చలి మొదలైందని మళ్ళీ షూ లేసులు కట్టే ముందు: వ్యాయామం చేసి చేసి అలిసి ఆగిపోయినవాళ్ళకు జాగ్రత్తలు

కార్తీకం వచ్చిందంటే హైదరాబాద్‌లో పొద్దున్న గాలి మారిపోతుంది. ఐదున్నరకి బయటికొస్తే చెమట పట్టదు, కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద నడిచేవాళ్ళూ పరిగెత్తేవాళ్ళూ ఒక్కసారిగా పెరుగుతారు. ఎండల్లోనో వానల్లోనో వ్యాయామం మానేసినవాళ్ళకి "సరే, ఇప్పుడు మొదలుపెడదాం" అనిపించేది కూడా ఇప్పుడే. బద్ధకంతో మానేసినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు మొదలుపెడితే చాలు. నేను రాస్తున్నది ఆఫీసు, పిల్లలు, ఇంటిపని మధ్య నెలల తరబడి ఒళ్ళు దాచుకోకుండా చేసి చేసి, చివరికి ఒంట్లోనూ మనసులోనూ ఓపిక లేక ఆగిపోయినవాళ్ళ కోసం. వీళ్ళకి ఆగిపోవడం కంటే మళ్ళీ మొదలుపెట్టడంలోనే ప్రమాదం ఎక్కువ. అందులోనూ "ఇవాళ బాగానే ఉందే" అనిపించే మొదటి రోజు మరీ ప్రమాదం.

నాకు జరిగింది చెప్తాను. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను. దారిలో ఫ్లైఓవర్ ఎక్కుళ్ళు చాలా ఉంటాయి కాబట్టి జూన్ నుంచే గట్టిగా సాధన మొదలుపెట్టాను. అదే జూన్‌లో బళ్ళు తెరిచారు, అదే సమయంలో ఆఫీసులో పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్. రాత్రి పదకొండున్నర దాకా కాల్స్, పొద్దున్న నాలుగూ ముప్పావుకి అలారం. జూలై చివరికి మెట్లెక్కుతుంటే తొడలు బరువుగా ఉండేవి, ఎంత అలిసిపోయినా రాత్రి నిద్ర పట్టేది కాదు, లేవగానే చూసుకుంటే ఎప్పుడూ 62 దాకా ఉండే నాడి 74 చూపించేది. అన్నిటికంటే బాధ పెట్టింది ఏమిటంటే, చిన్నదాన్ని ఊరికే కసురుకునేదాన్ని, తలుపు దగ్గర షూ కనిపిస్తే ఏడుపొచ్చేది. ఆ పరుగు ఎలాగో పూర్తి చేశాను, ఆ తర్వాత మూడు వారాలు కదల్లేదు. నాలుగో ఆదివారం పొద్దున్న ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఆ ఆనందంలో గ్రూపుతో కలిసి ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాను, బాగా కూడా పరిగెత్తాను. మంగళవారం నుంచి పది రోజులు మంచం దిగలేదు, ఆ పైన మూడు నెలలు షూ ముట్టుకోలేదు. నన్ను దెబ్బ తీసింది మారథాన్ కంటే ఆ ఎనిమిది కిలోమీటర్లే.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త పడటం సులువు. క్రీడా వైద్యులు దీన్ని మూడు మెట్లుగా చూస్తారు, 2013లో యూరప్ క్రీడా శాస్త్ర సంఘం, అమెరికా క్రీడా వైద్య సంఘం కలిసి ఇచ్చిన ప్రకటనలో కూడా ఇవే ఉన్నాయి. మొదటి మెట్టులో ఉన్నవాళ్ళు కొన్ని రోజుల నుంచి రెండు వారాల విశ్రాంతితో కోలుకుని మునుపటి కంటే బలంగా తయారవుతారు. రెండో మెట్టులో వారాల నుంచి నెలలు పడుతుంది. మూడోది ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్, అంటే మితిమీరిన సాధనతో ఒళ్ళు పూర్తిగా చేతులెత్తేయడం, దానికి నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఏ మెట్టులో ఉన్నామో రక్తపరీక్షతో తేల్చి చెప్పే మార్గం లేదు, కోలుకోవడానికి ఎంత కాలం పట్టిందో చూశాకే తెలుస్తుంది. అందుకే మీది మొదటి మెట్టే అని మీరే తీర్పు ఇచ్చుకోవద్దు. రెండోదే అనుకుని మొదలుపెట్టండి, పొరపాటైతే పోయేది రెండు వారాలే.

ఇంకో విషయం. ఆఫీసు టెన్షన్ ఒక ఖాతాలో, పరుగు ఒక ఖాతాలో వేసుకుని శరీరం విడివిడిగా లెక్క చూసుకోదు. నిద్ర చాలని రాత్రి, అత్తయ్యకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రి చుట్టూ తిరిగిన రోజు, ప్రొడక్షన్‌లో సమస్య వచ్చి కుర్చీకి అతుక్కుపోయిన సాయంత్రం, ఇవన్నీ ఒంటికి బరువే. ఇవి పెరిగిన వారం వ్యాయామం తగ్గాలి. మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి, టెన్షన్ ఎక్కువైందని జిమ్‌లో ఇంకో అరగంట ఉంటాం. మామూలు మనిషికి అది పనిచేస్తుంది, కానీ ఒకసారి ఇలా పడిపోయి లేచినవాళ్ళకి పనిచేయదు.

కాబట్టి మొదటి జాగ్రత్త, వ్యాయామం మొదలుపెట్టే ముందు ఏదో ఒకటి తగ్గించుకోవడం. ఖాళీ లేని రోజులో ఇంకో పని దూర్చితే అది నిద్రలోంచే కోతపడుతుంది. నేను మా ఇంట్లో కూర్చుని సూటిగా అడిగాను, "ఏవండీ, వారంలో మూడు రోజులు పిల్లల టిఫిను డబ్బాలు మీరు సర్దాలి, అది కుదిరితేనే నేను మళ్ళీ నడకకి వెళ్తాను, లేకపోతే ఈ నెల వద్దు" అని. మొహమాటపడి ఇది అడగకుండా అన్నీ నెత్తిన వేసుకునే ఆడవాళ్ళని నేను ఎంతమందిని చూశానో. ఆఫీసులో అయితే రాత్రి కాల్స్‌లో ఏ రెండు మీరు లేకపోయినా నడుస్తాయో చూసి వాటి నుంచి బయటికి రండి. రాత్రి పదకొండు తర్వాత కాల్ ఉన్న మర్నాడు అలారం పెట్టొద్దు. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, ఆ ఏడు లేని రోజు వ్యాయామం లేదు. నేను అస్సలు సడలించని నియమం ఇదొక్కటే.

రెండోది, డాక్టరు దగ్గరికి వెళ్ళడం. ఇది ఉత్త అలసటే అనుకుని నెలలు గడిపేస్తే వెనక రక్తహీనతో థైరాయిడ్‌ లోపమో ఉండి ఉండొచ్చు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ అదే పరిస్థితి. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. కానీ హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటినా నీరసం ఉంటుంది, అందుకని ఫెర్రిటిన్ పరీక్ష గురించి కూడా అడగండి. థైరాయిడ్, షుగర్, బీ12, డీ విటమిన్ ఏవి అవసరమో డాక్టరే చెప్తారు. వ్యాయామం ఎక్కువై తిండి చాలక నెలసరి తప్పితే, తేదీ తప్పడమే కదా అని వదిలేయొద్దు, అది ఎముకల దాకా వెళ్ళే సమస్య. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చినవాళ్ళు ఉన్నవాళ్ళు ముందు గుండె పరీక్ష సంగతి మాట్లాడి రావాలి. డెంగీయో వైరల్ జ్వరమో వచ్చి తగ్గినవాళ్ళయితే, ఆకలి మామూలుగా అయ్యి, ఇంటిపని అలుపు లేకుండా చేసుకోగలిగే దాకా నడక తప్ప ఏమీ వద్దు. జ్వరం ఉండగా చెమట పట్టిస్తే తగ్గిపోతుందన్న మాట అస్సలు వినకండి, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

ఇక అసలు మొదలుపెట్టడం. మొదటి రెండు వారాలు నడకే, వారానికి నాలుగు రోజులు, ఇరవై ఐదు నిమిషాలు దాటకుండా. పక్కన ఉన్నవాళ్ళతో ఆపకుండా మాట్లాడగలిగేంత వేగం చాలు, మాట తెగుతుందంటే వేగం ఎక్కువైందని అర్థం. మూడో వారం నుంచి ఒక నిమిషం మెల్లగా పరుగు, నాలుగు నిమిషాలు నడక, ఇలా ఐదుసార్లు. బరువులు ఎత్తేవాళ్ళు పాత బరువులో సగంతో, ఒక్కో వ్యాయామం ఒక్క సెట్టుతో మొదలుపెట్టాలి. ఇది చదివి "మరీ ఇంతేనా" అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఇంకా ఓపిక ఉండగానే ఆగిపోవడం అలవాటు చేసుకోవడమే ఈ వారాల్లో అసలు సాధన. రెండు మూడు వారాలు మానేస్తేనే ఊపిరి దమ్ము తగ్గడం మొదలవుతుంది, కండరాల బలం ఇంకా కొంతకాలం నిలుస్తుంది. దీనివల్ల ఒక చిక్కుంది, కాళ్ళకి గుర్తున్న వేగాన్ని గుండె, కండరాలని ఎముకలకి కలిపే స్నాయువులు ఇంకా మోయలేవు. తగ్గింది తిరిగి రావడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు, కాబట్టి తొందర అవసరం లేదు.

నేను వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ మీద రోజూ రెండు అంకెలు రాస్తాను. ఒకటి నిద్ర గంటలు. రెండోది వ్యాయామం బరువు, అంటే ఎంత కష్టంగా అనిపించిందో పదికి వేసుకుని, దాన్ని నిమిషాలతో గుణించడం. ముప్పై నిమిషాల నడక, కష్టం మూడు అయితే తొంభై. ఇది కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త క్రీడాకారుల కోసం తెచ్చిన పద్ధతి, ఖరీదైన వాచీ ఏమీ అక్కర్లేదు. ఆదివారం కూడిక చేసి, పోయిన వారం కంటే కొంచెమే పెరిగిందా, ఒక్కసారిగా ఎగిరిందా చూసుకుంటాను. అదే నడక పోయిన వారం మూడు అనిపించి ఈ వారం ఐదు అనిపిస్తే, అది నడకలో తేడా కాదు, ఒంట్లో ఏదో చాలడం లేదని. లేవగానే మంచం మీదే నాడి చూసుకోవడం కూడా పనికొస్తుంది, మీ మామూలు అంకె కంటే రెండు మూడు రోజులు వరసగా పెరిగి ఉంటే ఆ రోజులు వదిలేయండి. వాచీలో వరస తెగకుండా రోజూ చేయమని గుర్తు చేసేవి ఉంటాయి చూడండి, అవి మొదటి ఆరు వారాలు ఆపేయండి.

ఈ సీజన్‌కే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న రోజు, మర్నాడు పొద్దున్న కూడా, వ్యాయామం పెట్టుకోకండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకి 41 రోజులు నేల మీద పడక, చన్నీళ్ళ స్నానం, చాలామందికి ఒంటిపూట భోజనం ఉంటాయి. దీక్ష అంటేనే ఒంటికి ఒక సాధన, దాని మీద మళ్ళీ జిమ్ బరువులు పెట్టొద్దు, మాల తీశాక మొదలుపెట్టినా ఏమీ పోదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అర్ధరాత్రి ముహూర్తాలకి వెళ్ళొచ్చిన మర్నాడు నిద్రపోండి. చలికాలం పొద్దున్న రద్దీ రోడ్ల పక్కన పొగా దుమ్మూ కిందనే నిలిచిపోతాయి కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్ళు కాస్త ఎండ వచ్చాక, పార్కు లోపల నడవడం మంచిది. అన్నిటికంటే పెద్దది జనవరి ఒకటి. వంద రోజుల ఛాలెంజులు, రోజుకి వంద స్క్వాట్స్ అంటూ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో పేర్లు అడుగుతారు. కోలుకుంటున్నవాళ్ళు ఈ సంవత్సరం పేరు ఇవ్వకండి.

తిండి విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. వ్యాయామం మొదలుపెట్టిన రోజే అన్నం మానేసేవాళ్ళు మళ్ళీ పడిపోతారు. ఒంట్లో తగ్గాల్సిన బరువు ఉన్నా సరే, మొదటి నెల దాని జోలికి పోకండి. కాఫీ తాగి పరుగు, టిఫిను మానేసి మీటింగు, రెండింటికి భోజనం, ఇదే నన్ను సగం ముంచింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే అరవై కిలోల మనిషికి రోజుకి యాభై గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. పెసరట్టు, పప్పు, పెరుగు, రెండు గుడ్లు లేదా చేప, గుప్పెడు వేరుశనగలు రోజులో ఉంటే డబ్బా పొడి కొనకుండానే అక్కడికి చేరుకోవచ్చు. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ మానేస్తే నిద్ర ఎంత మారుతుందో వారంలో తెలుస్తుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఈ జాగ్రత్తలన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్ళు తిరిగి పడిపోవడం, ఎప్పుడూ లేని ఆయాసం, గుండె దడ. చాలా కాలం తర్వాత గట్టిగా వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజుల్లో కండరాలు వాచి, భరించలేని నొప్పితో, మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ పూటే వెళ్ళండి, దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే పదార్థం కిడ్నీలని పాడుచేస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకి వెళ్ళడం కూడా కిడ్నీలకి మంచిది కాదు. ఇక వ్యాయామం ఒక్కటే కాకుండా, పిల్లలతో ఆట, ఇష్టమైన వంట, స్నేహితులు, దేని మీదా మనసు పోకుండా రెండు వారాలు గడిస్తే అది షూకి సంబంధించిన విషయం కాదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దయచేసి చేయండి.

పాత గ్రూపుకి మళ్ళీ వెళ్తే మనల్ని మనం ఆపుకోవడం కష్టం, మొదటి నెల ఒంటరిగా నడవడమే మేలు. అలా నడుస్తున్న రోజుల్లో పార్కు గేటు దగ్గర గ్రూపులో అబ్బాయి ఎదురై "ఏంటక్కా, ఇంకా నడకేనా?" అన్నాడు. "నడకే తమ్ముడూ, ఇంకో మూడు వారాలు" అని చెప్పి ముందుకి సాగిపోయాను. ఆ మాట ముందే నోట్లో సిద్ధంగా పెట్టుకోండి, లేకపోతే అప్పటికప్పుడు వాళ్ళతో పరుగందుకుంటారు.

మధ్యలో ఒక వారం పోతుంది, పిల్లలకి జ్వరమో, రిలీజో, ఊరి ప్రయాణమో, తప్పకుండా పోతుంది. తిరిగొచ్చాక పోయిన రోజులన్నీ కలిపి ఒకేసారి చేయొద్దు. ఆగిన చోటి నుంచి కూడా వద్దు, అంతకు ముందు వారం ఏం చేశారో క్యాలెండర్‌లో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండు వారాలకి మించి పోతే మళ్ళీ ఇరవై ఐదు నిమిషాల నడకే.